కంచం ముందు లెక్క: టైప్ 1 మధుమేహంలో భోజనపు ఇన్సులిన్

మధుమేహం లేని ఒంట్లో క్లోమం చేసే పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది. మొదటి ముద్ద నోట్లో పడేసరికే అది కొంత ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఇన్సులిన్ నేరుగా కాలేయానికి చేరుతుంది, తిన్నదాన్ని బట్టి పెరుగుతుంది, పని అయిపోగానే నిమిషాల్లో తగ్గిపోతుంది. టైప్ 1 మధుమేహంలో శరీర రక్షణ వ్యవస్థే క్లోమంలోని బీటా కణాలను నాశనం చేస్తుంది కాబట్టి ఈ పనంతా మనిషి తన చేత్తో చేసుకోవాలి. సూదితో చర్మం కింద వేసిన ఇన్సులిన్ ఆలస్యంగా రక్తంలో కలుస్తుంది, ఆలస్యంగా వదిలిపోతుంది. వేశాక వెనక్కి తీసుకునే వీలు లేదు. భోజనపు మోతాదు గురించి వైద్యులూ రోగులూ వందేళ్లుగా పడుతున్న తంటాలకు మూలం ఇక్కడే ఉంది.

ఎన్ని యూనిట్లు వేయాలి, ఎప్పుడు వేయాలి, ఆ నిర్ణయం ఎవరిది అనేవి ఈ విషయంలో మూడు ప్రశ్నలు. మన దగ్గర ఆసుపత్రుల్లోనూ ఇళ్లలోనూ మాటలన్నీ మొదటి ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనను వరసగా పెట్టి చూస్తే మాత్రం మిగతా రెండింటికీ అంతే బరువు ఉందని తేలుతుంది.

డాక్టరు చేతిలోంచి రోగి చేతికి

1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బుకు ఉన్న వైద్యం పస్తు ఒక్కటే. అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ పద్ధతి ప్రకారం పిల్లల్ని ఎముకల గూళ్లయ్యేదాకా అర్ధాకలితో ఉంచేవారు. దానివల్ల ప్రాణం కొన్ని నెలలో, ఒకటి రెండేళ్లో నిలిచేది. ఇన్సులిన్ వచ్చి ప్రాణాలు నిలబెట్టింది గానీ తిండి మీద కట్టడిని తీసేయలేదు. ముందు డాక్టరు మోతాదు రాసేవాడు, రోగి దానికి తగ్గట్టు తినేవాడు. 1936లో డెన్మార్క్‌లో హేగెడోర్న్ ప్రొటమిన్ కలిపి నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్ తయారుచేశాక, 1946లో ఎన్‌పీహెచ్ రకం వచ్చాక సూదుల సంఖ్య తగ్గింది. దానికి బదులుగా మనిషి గడియారానికి కట్టుబడ్డాడు. పొద్దున వేసిన మందు మధ్యాహ్నం తన వేళకు పనిచేస్తుంది. ఆ వేళకు అన్నం తినకపోతే షుగర్ పడిపోతుంది.

ఈ వరసను తిరగేసినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్‌లో మిఖాయెల్ బెర్గర్, ఆయన సహచరులు. రోగులను అయిదు రోజులు ఉంచుకుని, తిండిలో పిండిపదార్థం అంచనా వేయడం, షుగర్ చూసుకోవడం, దాన్ని బట్టి మోతాదు మార్చుకోవడం వాళ్లకే నేర్పారు. ఇంట్లోనే రక్తం చుక్కతో షుగర్ చూసుకునే మీటర్లు అందుబాటులోకి రావడం ఇందుకు కలిసొచ్చింది.

1993లో వెలువడిన డీసీసీటీ పరిశోధన మొత్తం వైద్యాన్నే మలుపు తిప్పింది. అమెరికా, కెనడాల్లో 1,441 మందిని సగటున ఆరున్నరేళ్లు గమనించారు. రోజుకు మూడు నాలుగు సూదులు గానీ ఇన్సులిన్ పంపు గానీ వాడి మోతాదులు సర్దుకున్నవారి మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ, 7 దగ్గర నిలిచింది. పాత పద్ధతిలో ఉన్నవారిది 9 దగ్గర ఉంది. ఆ తేడా వల్ల కంటి రెటీనా దెబ్బతినడం మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. మూత్రపిండాలకు, నరాలకు కూడా మంచి రక్షణ దొరికింది. అయితే స్పృహ తప్పేంతగా, పక్కవాళ్లు ఆదుకోవలసినంతగా షుగర్ పడిపోవడం మూడు రెట్లయింది. రెండు వైపులా పదునున్న ఫలితం ఇది.

ఆ రెండో పదునును మొద్దుబార్చవచ్చని 2002లో బ్రిటన్‌లో జరిగిన డాఫ్నే పరీక్ష చూపింది. డ్యుసెల్‌డార్ఫ్ పద్ధతినే తీసుకుని 169 మంది పెద్దవాళ్లతో చేసిన పరీక్ష అది. అయిదు రోజుల శిక్షణ పొందినవారి హెచ్‌బీఏ1సీ ఆరు నెలలకు 8.4కు వచ్చింది. శిక్షణ కోసం ఇంకా ఎదురుచూస్తున్నవారిది 9.4 దగ్గరే ఉంది. తీవ్రంగా షుగర్ పడిపోవడం పెరగలేదు. తిండి విషయంలో స్వేచ్ఛ పెరిగి, బతుకు తేలికపడిందని రోగులు చెప్పారు. ఇందులో కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. నేర్పడమే వైద్యం.

యూనిట్ల లెక్క

ఇప్పుడు ఎక్కువగా సిఫారసు చేసే పద్ధతిలో రెండు రకాల ఇన్సులిన్ ఉంటుంది. తిన్నా తినకపోయినా రోజంతా కావలసిన పునాది కోసం దీర్ఘకాలిక ఇన్సులిన్ ఒకటి. దీన్ని పస్తున్న రోజైనా, జ్వరం వచ్చిన రోజైనా మానకూడదు. మానితే రక్తంలో కీటోన్లు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. రెండోది ప్రతి భోజనానికీ వేసుకునే త్వరగా పనిచేసే ఇన్సులిన్.

భోజనపు మోతాదుకు రెండు అంకెలు కావాలి. ఒక యూనిట్ ఎన్ని గ్రాముల పిండిపదార్థానికి సరిపోతుందన్నది మొదటిది. దీనికి మొదటి అంచనాగా 500ను రోజు మొత్తం వేసుకునే యూనిట్లతో భాగిస్తారు. ఒక యూనిట్ షుగర్‌ను ఎంత దించుతుందన్నది రెండోది. దానికి 1800ను అలాగే భాగిస్తారు. రోజుకు మొత్తం 40 యూనిట్లు వాడే మనిషిని ఉదాహరణగా తీసుకుంటే యూనిట్‌కు సుమారు 12 గ్రాములు, 45 పాయింట్లు వస్తాయి. కంచంలో 60 గ్రాముల పిండిపదార్థం ఉంటే 5 యూనిట్లు. తినే ముందు షుగర్ 200 ఉండి, రావలసింది 110 అయితే ఆ 90 తేడాకు 2 యూనిట్లు. మొత్తం 7. మూడు గంటల కిందట వేసిన ఇన్సులిన్ ఇంకా ఒంట్లో పనిచేస్తూ ఉంటే దిద్దుబాటు మోతాదులోంచి దాన్ని తీసేయాలి. దీన్ని మరిచిపోయి మోతాదు మీద మోతాదు వేయడం షుగర్ పడిపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి.

ఈ సూత్రాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల్లో పుట్టినవి. అన్నం తినే జపాన్‌లో పంపు వాడేవారిని పరిశీలించి 2012లో ప్రచురించిన పరిశోధనలో 500 అంకె సరిపోలేదు. పొద్దుటి తిండికి 300, మధ్యాహ్నానికీ రాత్రికీ 400 తీసుకుంటే దగ్గరగా వచ్చింది. వాళ్ల రోజు మోతాదులో పునాది ఇన్సులిన్ వాటా తక్కువ, భోజనాల వాటా ఎక్కువ. పొద్దున హార్మోన్ల ప్రభావం వల్ల అదే తిండికి ఎక్కువ ఇన్సులిన్ పట్టడం అన్ని దేశాల్లోనూ కనిపించేదే. మన సంగతి కూడా జపాన్‌కే దగ్గరగా ఉండవచ్చు గానీ, అంతమాత్రాన ఆ అంకెలు తెచ్చి పెట్టుకోవడం తొందరపాటు. ఏ సూత్రమైనా మొదటి మెట్టు. తిన్న రెండు గంటలకూ, నాలుగు గంటలకూ షుగర్ చూసి, డాక్టరుతో కూర్చుని తన అంకెను తాను తేల్చుకోవాలి.

గ్రాములు ఎంత కచ్చితంగా ఉండాలి?

గ్రాముల లెక్క తప్పితే కొంప మునుగుతుందన్న భయం చాలామందిని ఈ పద్ధతి దగ్గరికే రానివ్వదు. ఆస్ట్రేలియాలో కార్మెల్ స్మార్ట్ బృందం పిల్లల మీద చేసిన పరిశోధనలు ఈ విషయంలో ఊరటనిస్తాయి. 60 గ్రాముల భోజనంలో 10 గ్రాములు అటూ ఇటూ అయితే పెద్ద తేడా రాలేదు. 20 గ్రాములు తప్పితే మాత్రం షుగర్ అదుపు తప్పింది. లెక్క వల్ల మేలు ఎంత అన్న దాని మీద కూడా ఫలితాలు ఒకేలా లేవు. 2014లో ఏడు పరీక్షలను కలిపి చూసిన సమీక్షలో మొత్తం మీద గట్టి తేడా తేలలేదు. పెద్దవాళ్ల మీద జరిగిన సమాంతర పరీక్షలను విడిగా తీసినప్పుడు హెచ్‌బీఏ1సీ 0.64 తగ్గింది. గ్రాములు లెక్కపెట్టడం ఉపయోగపడే పనిముట్టే గానీ, అదొక్కటే చాలదు.

మన వంటల విషయంలో పట్టికల కొరత లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలతో భారతీయ ఆహార పోషక పట్టికలు వెలువరించింది. చిక్కేమిటంటే అవి పచ్చి దినుసుల లెక్కలు. 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. అన్నమయ్యాక ఎంత అన్నది పోసిన నీళ్లను బట్టి, గంజి వార్చారా కుక్కర్లో పెట్టారా అన్నదాన్ని బట్టి మారుతుంది. 100 గ్రాముల అన్నానికి 25 నుంచి 28 గ్రాములన్నది పనికొచ్చే అంచనా. దీనికి నమ్మదగిన దారి మన ఇంటి గరిటెనో గిన్నెనో కొలతగా పెట్టుకోవడం. ఒకటి రెండు వారాలు తూకం వేసి చూస్తే ఆ తర్వాత కన్నే చెబుతుంది. ప్రతి ఇంట్లో ఇడ్లీ రేకుల సైజు వేరు, దోసె మందం వేరు. ఊరందరికీ ఒకే పట్టిక ఇచ్చేకంటే ఇంటికో పట్టిక రాయించడం మేలు.

ఇక్కడే ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం “షుగర్ వాళ్లకు మంచివి” అన్న మాట టైప్ 2 వాళ్ల మధ్య తిరిగి తిరిగి టైప్ 1 ఇళ్లలోకి వచ్చింది. రాగుల్లో, జొన్నల్లో కూడా మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. పీచు వల్ల కొంత నెమ్మదిగా అరగవచ్చు, అంతే. సంగటి తిన్నాం కదా అని సూది మానేస్తే అన్నం తిని మానేసినట్టే.

మన భోజనానికి మరో సొంత చిక్కు ఉంది. పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం అంటూ విడతలుగా వడ్డిస్తారు. ఎంత అన్నం తింటామో మొదటి ముద్దప్పుడు తెలియదు. అమ్మమ్మ “ఇంకొంచెం పెట్టుకో నాన్నా” అంటే కాదనడం కష్టం. మోతాదు మాత్రం ముందే వేసేశారు. మొత్తం అన్నాన్ని ముందే ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టుకుని అందులోంచే వడ్డించుకోవడం ఒక ఉపాయం. ఇన్సులిన్ పెన్ను వాడేవారు మారు వడ్డనకు చిన్న మోతాదు అదనంగా వేసుకోవడం ఇంకొకటి. పిల్లల విషయంలో రెండోది మరీ పనికొస్తుంది, ఎందుకంటే వాళ్లు ఎక్కువ తినడం ఎంత మామూలో, సగంలో లేచిపోవడం కూడా అంతే మామూలు.

వేళ మాట

గ్రాములన్నీ సరిగ్గా లెక్కపెట్టి, అన్నం తిన్నాక సూది వేసుకుంటే లెక్కంతా వృథా. అన్నం, ఇడ్లీ లాంటివి అరగంటలోనే షుగర్‌ను లేపడం మొదలుపెడతాయి. పాతకాలపు రెగ్యులర్ ఇన్సులిన్ పని మొదలుపెట్టడానికే దాదాపు అరగంట పడుతుంది. రెండు నుంచి నాలుగు గంటల్లో దాని జోరు పతాకస్థాయికి చేరి, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంటుంది. అందుకే దాన్ని తినడానికి అరగంట ముందు వేయాలంటారు. 1996లో వచ్చిన లిస్‌ప్రో, ఆ తర్వాతి ఆస్‌పార్ట్, గ్లూలిసిన్ పది పదిహేను నిమిషాల్లో మొదలై, గంటకు అటూ ఇటూగా పతాకస్థాయికి వచ్చి, మూడు నుంచి అయిదు గంటల్లో దిగిపోతాయి. వీటినీ 15–20 నిమిషాల ముందు వేసుకుంటే తిన్నాక షుగర్ ఎగబాకడం బాగా తగ్గుతుందని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. వీటికంటే వేగమైన ఆస్‌పార్ట్ 2017లోనూ, లిస్‌ప్రో కొత్త రూపం 2020లోనూ అమెరికాలో అనుమతి పొందాయి. ఇవి తెచ్చిన లాభం ఉన్నమాట నిజమే గానీ కొద్దిపాటిదే. ఒంట్లోని క్లోమం వేగం దేనికీ ఇంకా రాలేదు.

ముందుగా వేసుకోవడంలో ప్రమాదమూ ఉంది. పెళ్లిలో బంతి ఎప్పుడు లేస్తుందో, ఆకు ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలియదు. అలాంటి చోట ఆకులో అన్నం పడేదాకా ఆగడమే క్షేమం. అప్పటికే షుగర్ 70కి దిగువన ఉంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి. దానికి 15 గ్రాముల గ్లూకోజ్, అంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి, నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. లడ్డూ, చాక్లెట్ లాంటివి ఆ సమయంలో పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. తింటారో లేదో తెలియని పసిపిల్లలకు తిన్న వెంటనే వేయడాన్ని వైద్యులు ఒప్పుకుంటారు. అది పిల్లల కోసం ఇచ్చిన వెసులుబాటు. పెద్దయ్యాక కూడా అదే అలవాటు కొనసాగడం మన దగ్గర తరచూ కనిపించే లోపం.

బిరియానీ తిన్న రాత్రి

గ్రాముల పద్ధతి అన్నంలోని పిండిని మాత్రమే చూస్తుంది. బిరియానీలో నెయ్యి, మాంసం కూడా ఉన్నాయి. బిరియానీ తిన్న రాత్రి పడుకునేటప్పుడు షుగర్ మామూలుగా ఉండి, అర్ధరాత్రి దాటాక ఎగబాకడం టైప్ 1 వాళ్లలో చాలామందికి అనుభవమే. దీనికి కారణం ఇప్పుడు బాగానే తెలుసు. కొవ్వు జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మది చేస్తుంది, తర్వాత ఇన్సులిన్‌కు శరీరం స్పందించడాన్ని తగ్గిస్తుంది. మాంసకృత్తుల్లో కొంత భాగం గంటల తర్వాత గ్లూకోజ్‌గా మారుతుంది. 2013లో బోస్టన్‌లో వోల్‌పర్ట్ బృందం పిండిపదార్థం సమానంగా ఉన్న రెండు రకాల రాత్రి భోజనాలు పెట్టి చూసింది. కొవ్వు ఎక్కువున్న భోజనానికి సగటున 42 శాతం ఎక్కువ ఇన్సులిన్ పట్టింది. ఆ అదనం మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంది. అదే ఏడాది స్మార్ట్ బృందం పిల్లల్లో కొవ్వు, మాంసకృత్తుల ప్రభావాలు ఒకదానికొకటి తోడవుతాయని చూపింది.

ఈ అదనాన్ని లెక్కకట్టడానికి పోలండ్‌లోని వార్సాలో ఒక పద్ధతి కనిపెట్టారు. కొవ్వు, మాంసకృత్తుల నుంచి వచ్చే ప్రతి 100 కేలరీలను ఒక ప్రమాణంగా తీసుకుని, అందుకు తగిన ఇన్సులిన్‌ను పంపుతో గంటలకొద్దీ నెమ్మదిగా ఇస్తారు. దాన్ని యథాతథంగా పాటించినప్పుడు ఆ తర్వాత షుగర్ పడిపోవడం ఎక్కువైందన్న ఫిర్యాదూ ఉంది. అందరూ ఒప్పుకున్న సూత్రం ఏదీ ఇంకా లేదు. పెన్ను వాడేవారు మోతాదును రెండుగా విడదీసి, రెండో భాగాన్ని గంటా రెండు గంటల తర్వాత వేసుకోవడం చాలామంది డాక్టర్లు చెప్పే మధ్యేమార్గం. అదనం ఎంత అన్నది మాత్రం తెల్లారుజామున రెండు మూడుసార్లు షుగర్ చూసుకుని జాగ్రత్తగా తేల్చుకోవలసిందే. నిద్రలో షుగర్ పడిపోవడం కంటే కాస్త ఎక్కువ ఉండటమే మేలని మరిచిపోకూడదు.

యంత్రం ఎంతవరకు?

చేతికి అంటించుకునే సెన్సర్లు నిమిష నిమిషానికీ షుగర్ ఎటు పోతున్నదో చూపిస్తాయి. రోజులో 70 శాతం సమయం 70–180 మధ్య ఉండాలనీ, 70కి దిగువన 4 శాతం లోపే ఉండాలనీ 2019లో అంతర్జాతీయ నిపుణులు లక్ష్యం పెట్టారు. సెన్సర్‌నూ పంపునూ కలిపి, ఇన్సులిన్‌ను తనంతట తానే సర్దే మొదటి వ్యవస్థకు 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది. రాత్రిళ్లు ఇది చాలా బాగా పనిచేస్తుంది. భోజనం దగ్గరే తడబడుతుంది. తింటున్నామన్న మాట దానికి మనమే చెప్పాలి.

అయితే ఎంత వివరంగా చెప్పాలన్నది ఇప్పుడు మారుతోంది. 326 మందితో జరిపి 2022లో ప్రచురించిన అమెరికా పరీక్షలో వాడిన యంత్రానికి గ్రాములు చెప్పనక్కర్లేదు, భోజనం ఎప్పటిలాగేనా, ఎక్కువా, తక్కువా అని చెబితే చాలు. దాన్ని వాడినవారి హెచ్‌బీఏ1సీ 13 వారాల్లో 7.9 నుంచి 7.3కు తగ్గింది. 2023లో ఖతార్‌లో కౌమారదశ పిల్లల మీద జరిగిన పరీక్షలో గ్రాములు కచ్చితంగా చెప్పినవారు 80.3 శాతం సమయం లక్ష్యంలో ఉన్నారు. భోజనం సైజును బట్టి ముందే పెట్టుకున్న మూడు స్థిర అంకెల్లో ఒకటి చెప్పినవారు 73.5 శాతం ఉన్నారు. కచ్చితత్వం వల్ల లాభం ఉంది, అది లేకపోయినా లక్ష్యం దాటవచ్చు. గ్రాముల లెక్కతో విసిగిపోయి సూదులే ఎగ్గొట్టే వయసులో ఈ రెండో ముక్క చాలా విలువైనది. కానీ ఈ యంత్రాల ఖరీదు మన మధ్యతరగతికి కూడా అందనిది.

ఇక్కడి చిక్కులు

యంత్రాల దాకా ఎందుకు, సీసా దగ్గరే మనకు సొంత ప్రమాదం ఒకటి ఉంది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. పెన్నుల కార్ట్రిడ్జ్‌లు 100 యూనిట్లవి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూత సిరంజి 100కి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో 10 గీతదాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. తారుమారైతే 4 యూనిట్లే. గ్రాములెంత సరిగ్గా లెక్కపెట్టినా ఇది తప్పితే అంతా తప్పినట్టే.

ఎండల సంగతి మరొకటి. వాడని సీసాలు ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. ఫ్రిజ్ లేని ఇళ్లలో తడి ఇసుకలో పెట్టిన మట్టి కుండ కొంతవరకు కాపాడుతుంది. ఒకే చోట పదే పదే పొడిస్తే చర్మం కింద గడ్డలు కడతాయి. అక్కడ వేసిన ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత రక్తంలోకి వస్తుందో చెప్పలేం. మోతాదు పెంచుతూ పోయే ముందు ఆ చోటును వేలితో తడిమి చూడాలి.

ముందే కలిపి వచ్చే 30/70 ఇన్సులిన్‌ను రోజుకు రెండుసార్లు వేసే పద్ధతి మన పిల్లల్లో ఇంకా కనిపిస్తుంది. చవక, సూదులు తక్కువ. కానీ అందులో రెండు రకాలూ ముడిపడి ఉండటం వల్ల భోజనపు భాగాన్ని విడిగా మార్చుకునే వీలుండదు, మనిషి మళ్లీ 1940ల గడియారానికే కట్టుబడతాడు. 2022లో భారత వైద్య పరిశోధన మండలి విడుదల చేసిన టైప్ 1 మార్గదర్శకాలు పునాదికీ భోజనానికీ వేర్వేరు ఇన్సులిన్ల పద్ధతినే ముందుంచాయి.

ఇక బయటి లోకం. పదిమందిలో సూది తీయడానికి సిగ్గుపడి, ఇంటికెళ్లాక వేసుకుందామని ఊరుకునేవారు ఎందరో. ఆడపిల్లల పెళ్లి మాటల దగ్గర జబ్బును దాచడం ఇంకా పోలేదు. దాచాల్సినచోట వేళకు సూది ఉండదు. సీబీఎస్‌ఈ పరీక్ష హాల్లోకి మధుమేహం ఉన్న పిల్లలు తినుబండారాలు తెచ్చుకోవడానికి అనుమతించడం లాంటి చిన్న అడుగులకు ఎంతో విలువ ఉంది. జబ్బు బయటకు చెప్పుకోదగినదేనని అవి ఒప్పుకుంటాయి.

తేలినదేమిటి

భోజనానికి తగ్గట్టు మోతాదు మార్చుకుంటే కళ్లు, మూత్రపిండాలు దక్కుతాయన్నది తిరుగులేనిది. ముందుగా వేయడం లాభమన్నదీ, గ్రాముల్లో చిన్న తేడాలు ప్రమాదం కాదన్నదీ బాగా రుజువైనవే. కొవ్వు, మాంసకృత్తుల లెక్క ఇంకా కుదరలేదు. మన అన్నానికి, మన విడతల భోజనానికి సరిపడే అంకెలను మన దగ్గరే తేల్చాలి, జపాన్ వాళ్లు తమకు తేల్చుకున్నట్టు.

ఇన్ని పరీక్షల్లో మళ్లీ మళ్లీ గెలిచింది రోగికి నేర్పడం. మన దగ్గర అత్యంత అరుదైనదీ అదే. రద్దీ ఓపీలో అయిదు నిమిషాల్లో “పొద్దున 8, మధ్యాహ్నం 6, రాత్రి 8” అని రాసి పంపే చీటీ మనిషిని మళ్లీ మోతాదుకు కట్టేస్తుంది. పేద పిల్లలకు ఇన్సులిన్ ఉచితంగా ఇవ్వాలని ఎవరు అడిగినా, అదే నోటితో స్ట్రిప్పులూ, కూర్చుని నేర్పే ఒక నర్సునూ అడగాలి. ఇన్సులిన్ ఇచ్చి షుగర్ చూసుకునే వీలు ఇవ్వకపోతే ఆ మోతాదు చీకట్లో వేసినట్టే. అయిదు రోజుల శిక్షణ ఖర్చు ఒక్కసారి కీటోన్లతో ఐసీయూలో చేరిన ఖర్చు కంటే తక్కువే అవుతుంది. ముందుగా డబ్బు పెట్టాల్సింది ఎక్కడో తేల్చుకోవడానికి ఆ ఒక్క పోలిక చాలు.